తుండు కింద ధర

రక్తం వెచ్చగా తగిలేదాకా చెయ్యి తెగిందని కార్తికకు తెలియలేదు. బస్టాపు అద్దాన్ని ఎవడో తాగుబోతు తన్ని పగలగొట్టి పోయాడు, కింద నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి, కాలు జారి పడబోతూ చెయ్యి చాపితే దొరికింది ఆ పగిలిన అంచే. చలికి మొద్దుబారిన అరచేతిలో నొప్పి లేదు, ఎవరో గోరువెచ్చని గంజి పోసినట్టుంది, అంతే. మంచు మీద పడ్డ చుక్కలు పండు మిరపకాయల్లా విడివిడిగా, వంగి ఏరుకోవచ్చునన్నట్టు ఉన్నాయి. ఏరుకోవడం అన్న మాట మనసులోకి రాగానే చూపు పక్కకు తిప్పుకుంది. పక్కన నిలబడ్డ ముసలాయన ఆ చుక్కల్ని చూశాడు, ఆమెను చూశాడు, తన బస్సెక్కి పోయాడు. ఈ హాంబర్గ్‌కు వచ్చి మూడు నెలలు. ఈ ఊరు ఏదీ చెప్పి నేర్పదు, కొట్టి నేర్పుతుంది. అక్టోబరులో చెవులు వాచేట్టు గాలితో కొట్టింది, టోపీ కొనమని. నవంబరులో మెట్ల మీద నడుం విరిగేట్టు పడేసింది, తమిళనాట తన ఊరు కోయిల్‌పట్టిలో కొన్న బూట్లు ఇక్కడ చెల్లవని. డిసెంబరులో నాలుగింటికే పొద్దు పీక పిసికి చీకట్లో నిలబెట్టింది, ఎందుకో అది ఇంకా తెలియదు. పిడికెడు మచ్చు తీసి చూస్తే మూటంతా తెలియాలి అంటాడు మామ. మొదటి దెబ్బకే తెలిసింది ఈ చలి సంగతి, కానీ బేరం కుదిరాక తెలిసి ఏం లాభం.

ఇప్పుడు భారత కాన్సులేటులో, గోడవార కుర్చీలో, చేతికి రుమాలు చుట్టుకుని కూర్చుంది. తొమ్మిది దాటింది. సరిగ్గా పదింటికి లోపలి గదిలో తెర వెలుగుతుంది. అప్పుడు అక్కడ విరుదునగర్ కోర్టులో మధ్యాహ్నం రెండున్నర. జడ్జి ముందు ఆమె సాక్ష్యం చెప్పాలి. రెండేళ్ళ కిందట, ఎండలు మొదలయ్యే మాసి నెలలో, అమ్మ అన్న నల్లసామి మామ మిరప గిడ్డంగిలో, బేరాలు కుదిర్చే తరగరి మూక్కన్ కుడిచేతి వేళ్ళు మూడు తెగాయి. పొడి కొట్టే మర బెల్టు లాగేసిందని మామ అంటాడు. నల్లసామే నరికాడని మూక్కన్ అంటాడు. ఆ వేళ అక్కడున్న మూడో మనిషి కార్తిక ఒక్కతే. మామ తరఫు వకీలు సురేష్‌కుమార్ మొన్న ఫోను చేసి చాలా నెమ్మదిగా చెప్పాడు, పసిపిల్లకు అన్నం కలిపి పెట్టినట్టు. "రెండే మాటలమ్మా. నేను సూడలేదు. అంతే. ఎక్కువ మాట్లాడితేనే గదా నాలుక జారేది." రెండు మాటలు చెబితే చదువు నిలుస్తుంది, కోయిల్‌పట్టిలో అమ్మ వేరుశనగ మిఠాయి షెడ్డు నిలుస్తుంది, మామ అమ్మకు ఇచ్చిన ఇల్లు నిలుస్తుంది. చెప్పకపోతే ఇవన్నీ ఒక్క మధ్యాహ్నంలో కూలతాయి, మామ కటకటాల్లోకి పోతాడు, మూక్కన్ చేతికి మాత్రం వేళ్ళు మొలవవు. ఏ వైపు నుంచి తూచినా తక్కెడ ఒకవైపే మొగ్గుతోంది. తూకం ఇంత తేలిగ్గా తేలితే రాత్రంతా నిద్ర ఎందుకు పట్టలేదు?

గోడకున్న ఇనుప హీటరు టక్ మంటోంది, ఆగి మళ్ళీ టక్ మంటోంది, చెక్క మీద కత్తి దింపినట్టు. కాలిన దుమ్ము వాసన. ఆ వాసన వెనకే మిరప ఘాటు ఎక్కడినుంచో వచ్చి ముక్కులో కూర్చుంటుంది. విరుదునగర్ బజారులో మామలాంటి పాతవాళ్ళు ఇప్పటికీ ధర నోటితో చెప్పరు. కొనేవాడూ, అమ్మేవాడి తరఫు తరగరీ చేతులు కలిపి పైన తుండు కప్పుకుంటారు, లోపల వేళ్ళు మాట్లాడుకుంటాయి. రెండు వేళ్ళు పట్టుకుంటే ఆ నాటి ధర మీద రెండొందలు, మూడు పట్టుకుంటే మూడొందలు. ఇష్టం లేనివాడు చెయ్యి లాక్కుంటాడు. లాక్కోకపోతే కొనేవాడు పిడికిలి మొత్తాన్ని ఒక్కసారి గట్టిగా పిసుకుతాడు. బేరం కుదిరింది, మాట బయటికి పోదు అని దానికి అర్థం. పక్కన పదిమంది నిలబడి ఉన్నా సాక్షి ఉండడు. "నోటి మాటకి వెయ్యి సెవులు పాపా, వేలి మాటకి ఒక్క సెయ్యే." సెలవుల్లో కోయిల్‌పట్టి నుంచి పాసింజరు రైలెక్కి పోతే మామ ఆమెను గిడ్డంగిలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన చెయ్యి తుండు కింద పెట్టి "ఎన్ని సెప్పు పాపా?" అనేవాడు. గుడ్డ ఎక్కడ లేస్తోంది, మడత ఎటు పారుతోంది, అదే లెక్క. సరిగ్గా చెబితే అమ్మ షెడ్డులో చేసిన మిఠాయి ముక్కే, మామ జేబులోంచి వస్తే ఇంకా తియ్యగా ఉండేది. ఎనిమిదేళ్ళు నిండేసరికి నాలుగు బారల దూరం నుంచి తుండు చూసి ధర చదివేది. "ఓరి దీని కండ్లు పాడుగాను, దీని మొగానికి కప్పాల తుండు!" అని అందరి ముందూ నవ్వేవాడు. ఆ నవ్వులోనే వ్యాపారమూ చెప్పేవాడు. "అడగకనే దర పెంచేవాడు అప్పుడే ఓడిపోయినాడు, తెలుసుకో."

చెవులు కుట్టించింది కళుగుమలై గుడిలో, మామ ఒళ్ళోనే, మేనమామ ఒళ్ళో కూర్చోకుండా చెవి కుట్టరు. బంగారు తీగ దిగగానే ఆమె మామ మణికట్టు కరిచి పట్టుకుంది, పళ్ళ కింద ఉప్పగా రక్తం తగిలేదాకా వదల్లేదు. ఆయన చెయ్యి లాక్కోలేదు. "కరుసుకో తల్లీ, నా సెయ్యే గదా." ఆ తుండుతోనే ఆమె చెవీ తన చెయ్యీ తుడిచాడు. ఆ పళ్ళ గుర్తు ఇప్పటికీ ఆయన కుడి మణికట్టు మీద నెలవంకలా ఉంది. మామ ప్రేమ ఉత్తిదని చెప్పగలిగితే ఇవాళ ఎంత తేలికగా ఉండేది. ఉత్తిది కాదు, అదీ నిజమైన సరుకే.

తొమ్మిదీ ఇరవై. ఎవరి పిల్లవాడో ఏడుస్తున్నాడు, తల్లి వాడి తొడ గిల్లింది, ఏడుపు పెరిగింది. రేవు పక్క గోదాములో ఆమెకు వారానికి రెండు రోజులు పని. హాస్టల్ గదిలో ఉండే గుంటూరు అమ్మాయే చూపించింది ఆ పని. కార్తిక "చలి కొరుకుతుండాది" అంటే ఆ అమ్మాయి పడీ పడీ నవ్వి, "మా ముత్తమ్మమ్మ కూడా ఇంత పాత తెలుగు మాట్లాడలేదే" అంటుంది, తర్వాత తన మందపాటి మేజోళ్ళు తీసి ఇస్తుంది. నది అవతల గాలిమరలు తిరుగుతుంటాయి, ఊరి దగ్గర కయత్తారు దారిలో ఉన్నవే ఇక్కడికి తెచ్చి నాటినట్టు. వచ్చిన ప్రతి మిరప మూటకు నోరు విప్పి, మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి మచ్చు తియ్యాలి. చేతితొడుగు ఉంటుంది. అయినా ప్రతిసారీ చెయ్యి లోపల ఆగిపోతుంది. కాయ, కాయ, తొడిమ, కాయ, గట్టిగా తగిలిందేమిటి, తొడిమే, మరి ఇది? ఒకసారి నిజంగానే వేలంత లావున్నది, కణుపున్నది చేతికి తగిలింది. చెయ్యి లాక్కుని పక్కకు పోయి వాంతి చేసుకుంది. జర్మన్ మేస్త్రీ వచ్చి మూట గుమ్మరించి చూపించాడు, ఎండిన పసుపు కొమ్ము. ఏ మూటలోదో ఎలా వచ్చిందో. అతను భుజం తట్టి నవ్వాడు. అతనికి ఏమని చెబుతుంది, మా ఊళ్ళో ఒక లారీ మిరపకాయల్లో మూడు వేళ్ళు ఎక్కి పోయాయి, అవి ఏ ఊరు చేరాయో ఎవరికీ తెలియదు అని చెబుతుందా.

వేళ్ళు తెగిన ఆ రోజు ఎట్టయాపురం పక్క నల్లరేగడి పల్లె నుంచి పాండియమ్మాళ్ అనే అవ్వ పదకొండు మూటల కాయ తెచ్చింది. వాన లేని ఏడు, కుండతో నీళ్ళు మోసి పెంచిన కాయ, గుప్పిట్లో నలిపితే గాజులా పలికింది. తుండు కింద మామ, మూక్కన్ చేతులు కలిపారు. కార్తిక తూకం చీట్లు రాస్తూ అలవాటుకొద్దీ గుడ్డను చదివింది. మూడు. మామ అవ్వ వైపు తిరిగి, రెండు వేళ్ళు గాలిలో ఆడించి, "రెండుకి ముగిసింది అవ్వా, నీ అదృష్టం" అన్నాడు. మిగిలిన ఒక వేలు, వంద రూపాయలు, మామా మూక్కనూ పంచుకోవాలి, అది ఆ బజారులో ఏనాటినుంచో ఉన్నదే. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది. అప్పుడు మూక్కన్‌కు ఏం పట్టిందో, ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్న మనిషి, నడి బజారులో తుండు విదిలించి అరిచాడు. "ఇయ్యొద్దు అవ్వా! ఈయప్ప పట్టింది మూడు! నీకి సెప్పమనింది రెండు!" హమాలీలు నవ్వారు. పక్క దుకాణంవాళ్ళు బయటికి వచ్చి చూశారు. ఎవడో వెనకనుంచి షావుకారును ఎగతాళి చేస్తూ "ఏమి మొదలాళీ, మూడో వేలు యాడ దాసినావు?" అని కేక వేశాడు. అవ్వ మూటలు మళ్ళీ బండికెత్తించుకుంది. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి కార్తికకు ఒళ్ళు చల్లబడింది, ఈ చలి అప్పుడే అక్కడే మొదలయింది, హాంబర్గ్‌లో కాదు.

సాయంత్రం నాలుగుకు మామ మూక్కన్‌ను లోపలికి పిలిచాడు, కోపం ఏమీ లేనట్టు, ఇంకో సరుకుంది రా అని. హమాలీలను టీ తాగి రమ్మని పంపాడు. మధ్యలో తూకం బల్ల, పక్కన నడుమెత్తు ఎర్రటి కుప్ప, వెనకాల మర ఊరికే తిరుగుతోంది. "పాపా, ఆ తుండు ఇట్లియ్యి" అన్నాడు. కొయ్య మేకుకు తగిలించిన తుండు తీసి ఇచ్చింది. ఆమె ఇచ్చింది. ఈ ఒక్క ముక్క దగ్గరికి రాగానే ఆమె తలకాయ గొడ్డులా మొండికేసి పక్కదారి పడుతుంది, చెవి కుట్టిన రోజుకు పోతుంది, మంచుకు పోతుంది, మేజోళ్ళకు పోతుంది. కానీ ఇచ్చింది. మామ కుడి చేతితో మూక్కన్ చెయ్యి పట్టి తుండు కప్పాడు. బల్ల అంచుకు లాగాడు. గుడ్డ మూడు చోట్ల బిగుసుకుంది. "మూడు మూడని అరిసినావే. ఆ మూడు నాకియ్యి." మామది ఎడమ చేతి వాటమని బజారులో అందరూ మరిచిపోయారు, బేరాలన్నీ కుడి చేతితోనే కదా. ఎడమ చేతిలోకి వేటకత్తి ఎప్పుడు వచ్చిందో ఆమె చూడలేదు, దిగడం చూసింది. టక్. గుడ్డతో సహా. మూక్కన్ మొదట అరవలేదు, ఎవరిదో చెయ్యి చూసినట్టు దాన్ని చూశాడు, నోరు తెరిస్తే మిరప ఘాటుకు దగ్గు వచ్చింది, దగ్గు తర్వాత కేక వచ్చింది. వేళ్ళు జారి కుప్పలో పడ్డాయి. ఎరుపులో ఎరుపు. అతను మోకాళ్ళ మీద పడి తెగిన చేత్తోనే మిరపకాయల్లో వెతకసాగాడు, పచ్చి గాయం కారంలో తిరుగుతుంటే గొడ్డు అరిచినట్టు అరుస్తూ వెతికాడు, "యాడ పడినాయి పాపా, సూడు పాపా, నువ్వు సూడు" అన్నాడు. మామ అతన్ని జుట్టు పట్టి ఈడ్చుకుపోయి, ఆ చేతిని తిరుగుతున్న బెల్టుకేసి రుద్దాడు. తర్వాత వాకిట్లోకి పోయి హమాలీలను కేకేసి, "మరలో సెయ్యి పెట్టినాడురా ఎర్రిముండా కొడుకు, ఆసుపత్రికి ఎత్తుకోండి. మిగిలినోళ్ళు కుప్ప మూటలు కట్టండి, లారీ వచ్చే పొద్దయింది" అన్నాడు. దొరికితే అతికించేవాళ్ళమని ఆసుపత్రిలో అన్నారట. అప్పటికి లారీ సాత్తూరు దాటింది.

ఆ రాత్రి అమ్మకు చెప్పింది. అమ్మ ముత్తమ్మాళ్ బెల్లం పాకం తిప్పుతున్న తెడ్డుతో అలాగే కొట్టింది, పాకం అంటుకున్నచోటల్లా చర్మం ఊడేట్టు కొట్టింది. "యాడ సూసినావు? ఏం సూసినావు? ఇంగొకసారి సెప్పు!" సూడలేదమ్మా అనేదాకా ఆపలేదు. ఆ తర్వాత అమ్మే కొబ్బరినూనె రాస్తూ ఏడ్చింది, "మీ నాయన సచ్చినాక మనకి ఇల్లిచ్చింది ఎవురు, పాకం కాసే అడుప్పు ఇచ్చింది ఎవురు? వాడు లేకుంటే మనము ఎవురు?" అని. మోచేతి మీద మచ్చ, పొడుగ్గా, నున్నగా ఉంది. కోటు కింద కనపడదు, చలికి లాగుతుంది. పోలీసులు ఆమె ఊళ్ళోనే లేదని రాసుకున్నారు. మూక్కన్ మాత్రం వదల్లేదు, పాప సూసింది అని ఎక్కిన ప్రతి గడపలోనూ చెప్పాడు. చివరికి ఒక రోజు మామ కోయిల్‌పట్టి వచ్చి, భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, "పాపా, ఆ సీమ సదువు ఎన్నేండ్లు?" అన్నాడు. రెండేండ్లు మామా అంది. "సెయ్యియ్యి" అన్నాడు. తుండు కప్పి రెండు వేళ్ళు పట్టుకున్నాడు. రెండేళ్ళ ఖర్చు ఆయనది, నోరు మూసుకోవడం ఆమెది. తడి చెయ్యి, కూర వాసన, తన పళ్ళ గుర్తు ఆమె మణికట్టుకు రాసుకుంది. ఒక్క లాగుడు లాగితే సరిపోయేది. లాగలేదు. భయమా అంటే భయమే, ఆశా అంటే అదీ ఉంది, తక్కెడలో రెండూ కలిసి పడ్డాయి. మామ పిడికిలి పిసికాడు. బయలుదేరే రోజు కోయిల్‌పట్టి స్టేషనులో మూక్కన్ వచ్చాడు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలిన చెయ్యి ఎత్తి చూపి నవ్వాడు. "ఇప్పుడు నాకాడ అన్ని సరుకులూ ఒకటే దర పాపా, రెండు!" తర్వాత నవ్వు పోయింది. "నేను నిన్ను ఏమీ అడగను. నువ్వు సూసినావని నేను సెప్పినాను. సూసినావా లేదా అనేది నువ్వు సెప్పుకో."

"మీ చేతికి ఏమైంది?" కాన్సులేటు అధికారి ఇంగ్లీషులో అడుగుతున్నాడు. రుమాలు తడిసి నేల మీద చుక్క పడింది.

"మెషీను," అంది కార్తిక. "మెషీనులో పడింది."

ఆయన అయ్యో అని దూది తేవడానికి పోయాడు. ఆమె తన నోటిని తానే విన్నట్టు కూర్చుండిపోయింది. ఆలోచించి అనలేదు. అడిగీ అడగకముందే దానంతట అది వచ్చింది, పాకం తెడ్డు కింద నేర్చినది, రెండేళ్ళుగా లోపల ఇల్లు కట్టుకుని ఉన్నది. ఈ చలిదేశంలో మూడు నెలలు, కాలు నిలదొక్కుకుంటున్నాననుకుంది, భాష, బస్సులు, మంచు మీద నడక. నిలదొక్కుకున్నది ఇది ఒక్కటే. ఇంకో ఏడు పోతే అద్దం కోసిన చేతిని చూసి మరే కోసిందని తనే నమ్ముతుంది. ఆ తర్వాత గోదాములో చెయ్యి మూటలో పెట్టినా ఆగదు. ఆగని చెయ్యి ఎవరిది? మామదే.

పది. లోపలి గది, ఒక బల్ల, ఒక తెర. అధికారి తలుపు మూసి మూలన కూర్చున్నాడు. తెర రెండుసార్లు మసకేసి తేటపడింది. తిరుగుతున్న ఫ్యాను, జడ్జి, తమిళంలో ప్రమాణం చదివించే గుమస్తా. బెంచీ మీద మూక్కన్, ఎడమ చెయ్యి కుడి చెయ్యి మీద కప్పుకుని. ముద్దాయి నిలబడేచోట మామ, తెల్ల చొక్కా, కాస్త చిక్కాడు. కోర్టు మర్యాదకు తుండు భుజం మీదినుంచి తీసి మోచేతి మీద వేసుకున్నాడు, చెయ్యి దాని కిందుంది. ఆ రోజు గిడ్డంగిలో మీరేం చూశారు అని ప్రభుత్వ వకీలు అడిగాడు. మామ ఆమె ముఖం చూడలేదు. తుండు కదిలింది. గుడ్డ ఒకచోట లేచింది, పక్కన ఇంకొకచోట, ఆ పక్కన మూడోచోట. ఎన్ని సెప్పు పాపా? చూడకుండా ఉండడం ఆమెకు చేతకాదు, ఆ కళ్ళు మామ పెట్టినవే. మూడు. ఆమె ఇంకా నోరు తెరవలేదు, ఆయన పెంచాడు. అప్పుడు అర్థమయింది, రెండు అంటే తెలియనివాళ్ళకు చెప్పే ధరని, కొంగు నోట్లో కుక్కుకున్న అవ్వకు చెప్పిన ధరే తనకూ చెప్పాడని. ఆ గుడ్డ కింద లేచిన మూడు వేళ్ళు మామవిగా కనపడలేదు. అవి ఎవరివో, ఏ మూటలో పోయాయో, ఇప్పుడు ఎక్కడ తేలాయో ఆమెకు తెలుసు.

రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. చెయ్యి కెమెరా ముందుకు ఎత్తింది. గాయం తెరుచుకుని మణికట్టు మీదికి కారింది.

"మూడు, మామా," అంది, బజారులో కేక వేసినట్టు.

తెరలో తుండు ఆగిపోయింది. ఏమిటంటున్నావమ్మా అని జడ్జి అడిగాడు. ఆమె తమిళంలోకి మారింది. "అయ్యా, ఆయన ఇప్పుడు తుండు కింద నాకు మూడు చూపిస్తున్నారు. ఊళ్ళో రెండు చూపించారు, నేను చెయ్యి లాక్కోలేదు. అన్నీ చెబుతాను. మొదట తుండు సంగతి రాసుకోండి. ఆ రోజు దాన్ని తీసి ఇచ్చింది నేనే."